రేపు రమ్మన్న గొంతు

మా ఇంటికి ఫోన్ చేసినవాళ్ళకి మొదట వినిపించేది నా గొంతే. మాట్లాడేది మాత్రం నేను కాదు. నేను ఆ సమయానికి పప్పులో పోపు వేస్తూనో, ఎదురింటివాళ్ళు కర్టెన్లు ఎప్పుడు ఉతుకుతారా అని బాల్కనీలో నిలబడి ఎదురుచూస్తూనో ఉంటాను. మాట్లాడేది గడప. వంటింటి అటక కింద, పాత మిక్సీ అంత ఉండే మా ఇంటి కంప్యూటరులో దాని కాపురం.

గడపని తయారుచేసింది మా ఆయన ఫణీంద్ర. ఆలోచన నాది. ఈ రెండో సంగతి ఏ సన్మాన పత్రంలోనూ రాయలేదు. మొదట్లో కాస్త నొచ్చుకున్నాను. తర్వాత, రాయకపోవడమే మంచిదయిందనుకున్నాను.

గడప రాకముందు మా విశాఖపట్నంలో దొంగతనాలు ఎలా జరిగేవో చెప్పాలి. ఒకప్పుడు వైరస్ అంటే ముక్కూ మొహం తెలియనివాడు పంపిన ఉత్తరం. లాటరీ తగిలిందనేవాడు. నొక్కితే కొంప మునిగేది, నొక్కకపోతే బతికిపోయేవాళ్ళం. రానురాను అవి తెలివిమీరాయి. తాళాలు పగలగొట్టడం మానేసి, చుట్టాల గొంతుతో వచ్చి మనచేతే తలుపు తీయించుకోవడం మొదలుపెట్టాయి. గ్యాసు, గొళ్ళెం, బ్యాంకు, ఫ్రిజ్జు, గీజరు అన్నీ ఇంటి కంప్యూటరు పెట్టె చెప్పుచేతల్లోనే ఉంటాయి కదా. మా కింది ఫ్లాటులో ఉండే పోర్టు ఆఫీసరు, రిటైరైన కామేశ్వరరావుగారికి ఒకరోజు మనవడి గొంతుతో ఫోనొచ్చింది. "తాతయ్యా, తెర మీద పచ్చ బొత్తాం కనిపిస్తోందా, అది నొక్కు" అంది. ఆయన నొక్కారు. ఆ క్షణం నుంచి ఆ ఇంట్లో గీజరు కూడా ఆయన మాట వినలేదు. పెట్టెని మొత్తం తుడిచేసి కొత్తగా పెట్టించుకునేదాకా ఆయన మా ఇంటికొచ్చి స్నానం చేశారు. ఆ తర్వాత మనవడు నిజంగా చేసినా ఆయన ఫోన్ తీయడం మానేశారు.

మా ఆయన ప్రయోగశాల మధురవాడ కొండ మీద. అక్కడ చాలాకాలంగా జరుగుతున్నది ఒకటే పని, అసలు గొంతుకీ నకిలీ గొంతుకీ తేడా కనిపెట్టే పెట్టెని చేయడం. ప్రతిసారీ నకిలీయే గెలిచేది. మా ఆడపడుచు రాజ్యలక్ష్మి వదినకి జలుబు చేస్తే పెట్టె ఆవిడని గుర్తుపట్టలేదు. నకిలీ వదినకి జలుబే చెయ్యదు. అసలు మనిషి కన్నా నకిలీయే ఎక్కువ అసలుగా ఉండటం మా ఆయనకి అర్థంకాని విషయం. ముప్పై ఏళ్ళుగా పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ తిరిగిన నాకు అందులో ఆశ్చర్యమేమీ కనపడలేదు.

ఒక ఆదివారం పొద్దున్న ఆయన పెసరట్టు ముందు పెట్టుకుని నీరసంగా కూర్చున్నారు.

"గొంతు గురించి ఎందుకండీ అంత తలబాదుకోవడం? మా చిన్నప్పుడు పలాసలో దెయ్యం కూడా చుట్టాల గొంతుతోనే వచ్చేది" అన్నాను.

"ఏ దెయ్యం?"

"ఎవరో ఆడమనిషి దెయ్యం. వీధిలో తిరుగుతూ మన అమ్మ గొంతుతోనో, అత్త గొంతుతోనో పేరు పెట్టి పిలుస్తుందనీ, పలికితే ప్రాణం పోతుందనీ పుకారు. అందుకని ప్రతి తలుపు మీదా సుద్దముక్కతో 'రేపు రా' అని రాసుకున్నాం."

"దెయ్యానికి చదువొచ్చా?"

"మా మామ్మా అదే అడిగింది. మా వీధిలో సగం మందికి చదువు రాదు, దెయ్యానికి మాత్రం వచ్చని అందరికీ గట్టి నమ్మకం. అది చదివి, సరే అని వెళ్ళిపోయేది. మర్నాడొచ్చి మళ్ళీ అదే చదువుకునేది."

"అలా ఎన్నాళ్ళు తిరుగుతుంది? దానికి విసుగు రాదూ?"

"రాదు. అందుకేగా అది దెయ్యం. మన చుట్టాల్ని రేపు రమ్మని చూడండి. మీ అక్కయ్యగారిని ఒక్కసారి గుమ్మంలోంచి అలా అనండి, తెలుస్తుంది."

పెసరట్టు ముక్క ఆయన నోటికీ పళ్ళానికీ మధ్య ఆగింది.

"మా పావని మాత్రం ఆ దెయ్యం మీద తెగ జాలిపడేది. పాపం, రోజూ నమ్మి వస్తోంది కదక్కా అనేది" అన్నాను. ఆ మాట ఆయన వినలేదు. చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి వెళ్ళి కాగితాల ముందు కూర్చున్నారు.

గడప అలా పుట్టింది. అది గొంతుని పోల్చదు, ప్రశ్నలు వేయదు. వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, "ఇవాళ కుదరదు, రేపు రండి" అంటుంది. ఆ తర్వాత వాళ్ళేం చేస్తారో చూస్తుంది. బంధువైతే వెంటనే మళ్ళీ చేసి తిడతాడు. వాణ్ణి లోపలికి పంపుతుంది. వైరస్‌కి కోపం రాదు, మర్యాదగా సరే అని మర్నాడు అదే వేళకి వస్తుంది. మళ్ళీ రేపు రమ్మంటుంది. ఇలా కొన్నాళ్ళు వినయంగా తిరిగితే అది దొంగేనని తేల్చి దాని గొంతుకో ముద్ర వేస్తుంది. గడపలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి కాబట్టి, ఒక ఇంట ముద్రపడిన గొంతుకి ఊళ్ళో ఇంకే గుమ్మంలోనూ చోటుండదు. దీన్ని ప్రయోగశాలలో ఏదో పెద్ద పేరుతో పిలిచేవారు. మా మామ్మయితే వెలివేయడం అనేది.

మాట్లాడే గొంతు ఒకటి కావాలన్నారు. ప్రయోగశాలలో అందరూ కుర్రాళ్ళు. ఇంట్లో నేనున్నాను. రేపు రమ్మని చెప్పడంలో నాకున్నంత అనుభవం ఎవరికీ లేదని, పాలవాణ్ణీ ఇస్త్రీ అతన్నీ సాక్ష్యం పెట్టి మరీ నా గొంతే తీసుకున్నారు.

మొదట మా ఇంట్లోనే పెట్టారు. పెట్టిన రోజున గడప మా ఫోనులో ఉన్న పేర్లందరికీ నా గొంతుతో కబురు పంపుతుందన్నారు, కొత్త కాపలా పెట్టుకున్నాం, ఒకసారి ఫోన్ చెయ్యండి అని. పేర్లు సరిచూడమని మా ఆయన తెర నా ముందు పెట్టారు. పావని పేరు దగ్గర నా వేలు ఆగింది. తీసేస్తాననుకున్నాను. తీయలేదు. అలా ఎందుకు చేశానో చెప్పాలంటే పావని సంగతి చెప్పాలి.

పావని నా చెల్లెలు. పలాసలో జీడిపప్పు కొట్టు మీద రెండు గదుల వాటాలో ఉంటుంది, జాకెట్లు కుడుతుంది, పెళ్ళి చేసుకోలేదు. చెప్పిన మాట వినడం దాని జబ్బు. మూడో తరగతిలో మాస్టారు దాన్ని "నేను చెప్పేదాకా బయట నిలబడు" అని, సంగతి మరిచిపోయి ఇంటికెళ్ళిపోయారు. బడి ఖాళీ అయింది. నేను వెతుక్కుంటూ వెళ్ళేసరికి వరండాలో నిలబడే ఉంది. రమ్మంటే రాదు. చివరికి నేను తరగతి గదిలోకి వెళ్ళి, మాస్టారి గొంతు పెట్టి, "ఇంక పో అమ్మా" అన్నాను. అప్పుడొచ్చింది. గొంతులు అనుకరించడం నాకు చిన్నప్పటి విద్య. పైగా నాదీ దానిదీ ఒకటే గొంతు, ఫోనులో అమ్మకి కూడా తేడా తెలిసేది కాదు.

అమ్మ పోయాక ఆవిడ పట్టుచీర ఒకటి నాకొచ్చింది, నెమలికంఠం రంగుది, కొంగు దగ్గర కాస్త చిరిగింది. పావని ఏడాదికోసారి వచ్చి పది రోజులుండేది. అలా వచ్చినప్పుడు చీర చూపించి, "దీన్ని ఏం చెయ్యమంటావక్కా, రఫ్ఫు చెయ్యనా?" అంది. నేనేదో విసుగులో ఉన్నాను. "ఇంకా రఫ్ఫెందుకు, ముక్కలు చేసి దిండు గలీబులు కుట్టు" అన్నాను. వెటకారం నాకు ఉప్పులాంటిది, చూసుకోకుండా వేసేస్తాను. సాయంత్రం గుడికెళ్ళి వచ్చేసరికి మంచం మీద నాలుగు గలీబులు వరసగా పెట్టి ఉన్నాయి. అంచు నాలుగు పక్కలా వచ్చేలా, అంత ముచ్చటగా కుట్టిన గలీబులు నేనెక్కడా చూడలేదు.

"నేను పిలిచేదాకా నా గుమ్మం తొక్కకు" అన్నాను.

"అలగేనక్కా" అని సంచి సర్దుకుంది.

ఇంకెవరైనా అయితే వారానికో నెలకో వచ్చి, నువ్వెవతివే నన్ను రావద్దనడానికి అని దెబ్బలాడేవారు. నేనూ ఆ దెబ్బలాట కోసమే కాచుకున్నాను. అది రాలేదు. పిలిచేదాకా రావద్దన్నాను కదా, పిలవలేదు, రాలేదు. ఆరేళ్ళు. గలీబులు బీరువాలో ఉన్నాయి. ఏ దిండుకీ తొడగలేదు, ఎవరికీ ఇవ్వలేదు.

అందుకే ఆ రోజు పేరు తీయలేదు. పిలిచింది నేను కాదు, గడప. అది వస్తే వచ్చినట్టు, నేను తగ్గినట్టు కాదు. ఇంత వయసొచ్చినా నా లెక్కలిలాగే ఉంటాయి.

కబురు వెళ్ళిన గంటకే చుట్టాలు మొదలయ్యారు. రాజ్యలక్ష్మి వదిన మొదటిసారి చేసి రేపు రమ్మనిపించుకుంది. రెండోసారి చేసింది.

"ఏమే అరుంధతీ, నాకే రేపా? నీ పెళ్ళిలో తోటకూర కట్టల దగ్గర్నుంచి నేను మోశాను. ఇవాళ నాకు వాయిదాలేస్తున్నావా?"

గడప తెరమీద 'మన మనిషే' అని వచ్చింది. తలుపు తీసింది. మా ఆయన చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత మా బాబాయి, కేబులు అతను, అపార్టుమెంటు సెక్రటరీ అందరూ తిట్టుకుంటూ లోపలికొచ్చారు. దొంగలు మాత్రం సరేనండీ, అలాగేనండీ అంటూ రేపటికి వెళ్ళిపోయారు. అంత మర్యాదస్తులు మన చుట్టాల్లో ఎప్పుడున్నారు కనక.

పావని ఫోన్ రాలేదు. ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. వచ్చినట్టు నాకు ఎవరూ చెప్పలేదు.

ఏడాది తిరిగేసరికి గడప మా జిల్లా దాటి పక్క జిల్లాలకీ పాకింది. ఇళ్ళు, బ్యాంకులు, ఆసుపత్రులు, గ్యాసు ఆఫీసులు. ఇష్టమైతే గొంతు మార్చుకోవచ్చన్నారు గానీ ఎవరూ మార్చుకోలేదు. కూరగాయలకెళ్తే నా మాట విని ఎవరో ఒకరు వెనక్కి తిరిగి చూసేవారు, ఎక్కడో తమని రేపు రమ్మన్న మనిషిలా ఉందని. వైరస్‌లు తగ్గిపోయాయి. మా ఆయనకి శాలువాలు ఎక్కువై, వాటికి విడిగా అర ఒకటి కేటాయించాను. ఆయన ఊళ్ళు తిరుగుతున్నారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది.

నిశ్శబ్దం మొదట్లో బాగుంది. తర్వాత చుట్టాలు గడపకి అలవాటుపడ్డారు. తిట్టి లోపలికి రావాలంటే ఓపికుండాలి. రెండుసార్లు చేసి, గొంతెత్తి, ఆ తర్వాత వచ్చి కులాసాయేనా అని అడగడానికి ఎంతమందికి ఓపిక? పనున్నవాళ్ళే తిడతారు. ఊరికే పలకరిద్దామనుకున్నవాళ్ళు, రేపు రమ్మంటే సర్లే అని ఊరుకుంటారు. నేను బాల్కనీలో నిలబడి చూస్తూనే ఉన్నాను. ఎదురింటివాళ్ళు కర్టెన్లు ఉతకలేదు సరికదా, అసలు తీయడం కూడా మానేశారు. ఎవరి ఇళ్ళు వాళ్ళకి భద్రంగా ఉన్నాయి.

ఒకరోజు అన్నం తింటూ మా ఆయన నవ్వారు.

"మనింటికి ఒక వైరస్ వస్తోంది తెలుసా. రోజూ సరిగ్గా సాయంత్రం కాఫీ వేళకి. గడప పెట్టిన మర్నాటి నుంచీ ఒక్క రోజు తప్పలేదు. ఇంత పట్టుదల ఉన్నది దేశంలో ఇంకెక్కడా లేదు. దాన్ని చూపించే మా వాళ్ళు కొత్తవాళ్ళకి పాఠం చెప్తారు."

"ఎవరి గొంతుతో వస్తుంది?"

ఆయన చారు కలుపుకున్నారు. కలిపిన చారునే మళ్ళీ కలిపారు.

"ఎవరి గొంతండీ?"

"ఎవరిదో. అవన్నీ మెషిన్లే వింటాయి, మనుషులకి తీరికెక్కడిది?"

ఆయనకి అబద్ధం చేతకాదు. నేర్పుదామని కాపురం మొదట్లో ప్రయత్నించి వదిలేశాను. మర్నాడు క్యారేజీ పట్టుకుని కొండెక్కాను. ప్రయోగశాల గుమ్మంలో నా గొంతే నన్ను రేపు రమ్మంది. దాన్ని నాలుగు తిట్టి లోపలికెళ్ళాను.

"ఆ గొంతు వినిపించండి" అన్నాను.

"వద్దు అరుంధతీ. అది మీ పావని గొంతేసుకుని వస్తోంది. నువ్వు బాధపడతావని ఇన్నాళ్ళూ చెప్పలేదు. అది పావని కాదు. పావనయితే ఎప్పుడో కోప్పడేది."

"వినిపించండి."

ఆయన కుర్చీ నా వైపు జరిపి మీట నొక్కారు. మొదటి రోజుది.

"అక్కా, నేనే, పావనిని. నువ్వు కబురెట్టీసావు కదా, చేసాను."

ఇవాళ కుదరదు, రేపు రండి, అంది నా గొంతు.

"అలగేనక్కా."

రెండో రోజుది. "నిన్న రేపు రమ్మన్నావు కదక్కా. వచ్చీసాను."

రేపు రండి.

మధ్యలో మా ఆయన చాలా దాటించారు. ఇంకోటి వినిపించింది. "నన్ను రండి అంటన్నావేటక్కా? ఎప్పుడూ అనలేదు. కోపం ఇంకా పోలేదా? అలగే, రేపొస్తాను."

నేను క్యారేజీ గిన్నెల కొక్కెం తీసి మళ్ళీ పెట్టాను.

"ఇవాళ పండ్రాయాకు పచ్చడి చేసానక్కా, నువ్వు తిట్టీదానివి కదా ఉప్పెక్కువని, తగ్గించీసాను." రేపు రండి. "కింద కొట్టోళ్ళ కోడలికి ఆడపిల్ల పుట్టిందక్కా. రేపు చెప్తానులే మిగతాది." రేపు రండి. అది రోజూ ఒక్క ముక్క చెప్పేది. సమాధానం అదేనని తెలుసు, ఆ ముక్క చెప్పేసి వెళ్ళిపోయేది.

చివర్లో ఉన్నవి వినేటప్పుడు మా ఆయన కూడా వంగి కూర్చున్నారు.

"సూదిలో దారం ఎక్కట్లేదక్కా. మధ్యలో కనిపిస్తంది, చుట్టూ నల్లగా మూసుకొచ్చినట్టుంటంది. కంటాసుపత్రికి ఫోన్ చేస్తే అక్కడా నువ్వే ఉన్నావు. రేపు రమ్మన్నావు. నేనే వెళ్ళాను. గుమ్మంలోనూ నువ్వే. ఆసుపత్రిలో పనికి కుదిరీసావేటక్కా? ఒక్క మాట చెప్పలేదు నాకు."

రేపు రండి.

"గ్యాసాఫీసులోనూ నువ్వే రేపు రమ్మంటన్నావు. అలగేనక్కా, నువ్వు చెప్పాక ఇంకేటుంది. చిన్నప్పుడు ఆ దెయ్యం కూడా ఇలగే తిరిగీదేమో, పాపం."

మీట కట్టేశాను.

"ఇది పావని" అన్నాను.

మా ఆయన మెల్లగా అన్నారు, "ఆ దెయ్యం మాట నువ్వు మన డైనింగ్ టేబుల్ దగ్గర చెప్పావు. అప్పటి పెట్టె విని ఉంటుంది. దాన్నించి దొంగకి చేరి ఉండొచ్చు. ఉప్పు సంగతి కూడా అంతే. రుజువు లేదు అరుంధతీ."

"చెప్పినమాట వినేవాళ్ళంతా వైరస్‌లేనని మీకు చెప్పింది నేను. అప్పుడు రుజువు అడిగారా? వినేవాళ్ళలో వైరస్ కానిది ఈ లోకంలో ఒకర్తుంది. అది నాకు చెల్లెలు. నేనే మర్చిపోయాను."

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. చుట్టూ నల్లబడి మధ్యలో మాత్రమే కనిపించడం మా అత్తగారికి వచ్చింది. ఒకసారి పోయిన చూపు ఎన్ని మందులు వేసినా తిరిగి రాదనీ, ఉన్నది నిలబెట్టాలంటే ఆలస్యం పనికిరాదనీ మా ఇద్దరికీ తెలుసు.

నేను వెంటనే పావనికి ఫోన్ చేశాను. వెళ్ళలేదు. ముద్రపడిన ఇంటికి మనం చేసే ఫోనుని కూడా గడప బయటికి పోనివ్వదు, అంటు తగులుతుందని.

"రైలెక్కి వెళ్ళి తీసుకొచ్చేస్తాను" అన్నాను.

"తెచ్చి? ఇక్కడ ఏ ఆసుపత్రి ఆమెకి తలుపు తీస్తుంది? ముద్ర ముందు పోవాలి." ఆయన గడపని అమ్ముతున్న కంపెనీకి ఫోన్ చేశారు. తన పేరు చెప్పారు. అటునుంచి నా గొంతు, ఇవాళ కుదరదు, రేపు రండి, అంది. ఆయన జన్మలో మొదటిసారి గట్టిగా తిట్టారు. లోపలికి పంపింది. లోపలున్న మనిషి ఎంతో మర్యాదగా, కమిటీ కూర్చోవాలి సార్, పై వారంలో చూద్దాం అన్నాడు. వాళ్ళది మనుషుల గడప, తిట్టినా తెరుచుకోదు.

"ఇంకో దారేదీ లేదా?"

"ఉంది. ముద్రపడ్డాక కూడా, ఆ గొంతు ఒక్కసారి నిజంగా కోప్పడితే గడప మనసు మార్చుకుంటుంది. మన ఇంటి గడప మన మనిషే అంటే ఊళ్ళో గడపలన్నీ ఒప్పుకుంటాయి. పావని ఒక్కసారి తిడితే చాలు."

పావని తిట్టడం. సముద్రం మీద బట్టలారేసినట్టే.

ఆయన బల్లమీదున్న ఫోను నా ముందుకి లాక్కున్నాను. పావనినన్నట్టు మా ఇంటికే చేశాను. రేపు రండి, అంది. మళ్ళీ చేశాను. "ఏమే అరుంధతీ, ఎన్నాళ్ళే ఈ వాయిదాలు?" అని గొంతెత్తాను. తెరమీద నా పేరే వచ్చింది. గొంతు పావనిదే, తిట్టే తీరు నాది. గడప నన్ను పట్టేసింది.

"గొంతు ఒక్కటీ సరిపోదు, ఆమె ఎలా కోప్పడుతుందో అలా ఉండాలి" అన్నారు మా ఆయన.

ఎలా కోప్పడుతుంది? యాభై ఏళ్ళలో నేనెప్పుడైనా విన్నానా? కిటికీలోంచి దూరంగా సముద్రం కనిపిస్తోంది. అది బడి వరండాలో నిలబడి ఉన్నప్పుడు మొహం ఎలా ఉందో గుర్తు తెచ్చుకున్నాను. అప్పుడు దానికి కోపం లేదనుకున్నాను. ఉండే ఉంటుంది. అడిగినవాళ్ళు లేరు.

మళ్ళీ చేశాను. గొంతు దించాను.

"అక్కా, నేను పావనిని. రేపు రాను. చాలా రేపులు అయిపోయాయి. నువ్వు దిండు గలీబులు కుట్టమన్నావు. కుట్టాను. నా తప్పేటి? నువ్వు ఏ మాట నిజంగా అంటావో, ఏది వెటకారానికి అంటావో నాకెలాగ తెలుస్తాది? అందరూ నవ్వుతారు, నేను చేసీస్తాను. అమ్మ చీర కోస్తంటే నా చెయ్యి ఆడలేదక్కా. అయినా అక్క చెప్పిందని కోసాను. అమ్మ నీకొక్కదానికే అమ్మా? గుమ్మం తొక్కొద్దన్నావు. ఆరేళ్ళు. ఒక్కసారి పిలిస్తే నీ సొమ్మేటి పోయింది? నువ్వు పిలవలేదు. మిషను చేత పిలిపించావు. వస్తే అది కూడా నన్ను పొమ్మంది, అండీ అని. నాకు కళ్ళు కనిపించటం లేదు. నాకు కోపంగా ఉంది. విన్నావా? నాకు కోపంగా ఉంది."

ఇంకా ఏదో అనబోయాను. గొంతు నాది కాకుండా పోయింది. ఎవరిదైందో తెలియదు.

తెరమీద 'మన మనిషే' అని వచ్చింది. పక్కనే చిన్నగా, పావని.

మా ఆయన తెర దగ్గరికి వంగి ఆ పేరు రెండుసార్లు చదివారు. గడప పుట్టాక ఒక్క నకిలీ గొంతూ దాన్ని దాటలేదు. మొదటిది ఆయన ఎదురుగానే కూర్చుని కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది.

"గడప మోసపోయింది" అన్నారు.

"నాకలా అనిపించడం లేదండి" అన్నాను.

ఆయన పలాస కంటాసుపత్రికి ఫోన్ చేసి పావని పేరు చెప్పారు. మర్నాడు పొద్దున్నకే అపాయింట్‌మెంటు ఇచ్చారు. ఆ రేపు నిజం రేపే. రాత్రి బండిలో నేను పలాస వెళ్ళేలా టిక్కెట్టు తీసుకున్నారు. వెళ్ళేముందు చెల్లెలికి ఒక మాట చెప్పాలి కదా అని ఇంటికి వచ్చేశాను.

కాఫీ వేళ ఇంకా కాలేదు. ఇప్పుడు నేనే చేయొచ్చు, అడ్డమేమీ లేదు. ఫోను చేతిలోకి తీసుకుని కిందపెట్టాను. గడప పెట్టినప్పటి నుంచీ ఇన్ని రోజులూ అది మూసిన గుమ్మానికే వచ్చింది. ఒక్కసారి గుమ్మం తెరిచి ఉండగా రానిద్దామనిపించింది. డికాక్షను వేశాను. బీరువాలోంచి గలీబులు తీసి, నాలుగు దిండ్లకీ తొడిగాను. నెమలికంఠం రంగు అలాగే ఉంది. కొంగు చిరుగు ఎక్కడుందా అని వెతికాను, దొరకలేదు. కుట్టులో ఎక్కడో కలిపేసింది.

ఫోను మోగింది. మా ఇంట్లో గడప దాటి ఫోను మోగడం ఎంతో కాలానికి విన్నాను. చెయ్యి తడిగా ఉంది, చీరకి తుడుచుకుని తీశాను.

"అక్కా, నేనే. ఇవాళ ఏటీ విశేషం లేదు. వానొచ్చింది. నువ్వేటీ చెప్పక్కర్లేదులే, రేపు రమ్మంటావు, అంతే కదా. ఊరికే నీకెందుకు శ్రమ. వచ్చీస్తాను రేపు."

పెట్టేసింది.

నా నోరు తెరిచే ఉంది. "పావనీ" అన్నది ఎవరికీ చేరకుండా వంటింట్లోనే ఉండిపోయింది. చెవి దగ్గర ఫోను చప్పుడు లేకుండా ఉంది. ఇన్ని రోజులూ అక్క దగ్గర నేర్చుకున్న పాఠం అది, మాట్లాడే అవకాశం ఇవ్వకుండా అక్కకి శ్రమ తగ్గించడం. బయట బాల్కనీ అవతల ఎదురింటి కర్టెన్లు వేసే ఉన్నాయి. కాఫీకి పెట్టిన పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. పొయ్యి కట్టాను.

మర్యాదస్తులు రేపటిదాకా ఆగుతారు. చుట్టాలు ఆగరు.

నంబరు నొక్కాను. ఒకసారి మోగింది. రెండోసారి మోగింది. అటువైపు పావని ఫోన్ తీసి, తనకి ఫోను రావడం అలవాటులేని భయంతో, "ఎవరండీ?" అంది.

నేను తిట్టడం మొదలుపెట్టాను.